బంద్ నాడు సైదులు విన్న గాలి

సైదులు దగ్గరికి వెళ్లేసరికి ఆ కారులో నాలుగుసార్లు గ్యాస్ నింపించారు. నింపిన ప్రతిసారీ వారం రోజులు హాయిగా ఉండేది. ఎనిమిదో రోజుకల్లా ఏసీ లోంచి రోడ్డు మీది గాలే వచ్చేది. నాలుగో మెకానిక్ అయితే, "గ్యాస్ అన్నాక అయిపోదా మేడం? మీ ఇంట్లో సిలిండర్ అయిపోవట్లేదా?" అని ఇంద్రాణికే ఎదురు ప్రశ్న వేశాడు. నిజం చెప్పాలంటే దీనికి జవాబు మనలో ఎంతమంది దగ్గర ఉంటుంది?

ఏసీ పాడైతే అద్దాలు దించుకుని పోవచ్చు కదా అనేవాళ్లకు ఆ ఇంటి సంగతి తెలియదు. ఇంద్రాణి కూతురు హైమవతికి పుట్టుకతోనే చెమట పట్టదు. చెమట గ్రంథులు లేకుండా పుట్టిందని డాక్టర్లు తేల్చడానికే నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగో ఏట, ఏప్రిల్ ఎండలో తెనాలి నుంచి బస్సులో వస్తుంటే, పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. అప్పటినుంచీ వనస్థలిపురంలో వాళ్లింట్లో ఒక గదికి ఏసీ, దానికి ఇన్వర్టరు, కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికెలు. హైమ స్కూలుకి పొద్దున్నే వెళ్లి పదింటికల్లా ఇంటికి వచ్చేది. డిగ్రీ దూరవిద్యలో చదివింది. జుట్టు పలచన, పళ్లు నాలుగైదే మొలిచాయి కాబట్టి కట్టుడు పళ్లు. నవ్వినా పెదవులు విడకుండా నవ్వుతుంది. తెలివికి మాత్రం దేవుడు ఏ లోటూ చేయలేదు.

ఆ పిల్లకి ఇరవై రెండో ఏట ఉద్యోగం వచ్చింది. గచ్చిబౌలి వైపు కంపెనీ. ఇంటర్వ్యూ అంతా ఫోన్లోనే అయింది. దసరా వెళ్లిన సోమవారం పదకొండింటికి వచ్చి చేరాలి, ఆ రోజు రాకపోతే తరువాతి పేరున్నవాళ్లకు ఇస్తామని ఉత్తరంలో రాశారు. రోజూ ముప్పై కిలోమీటర్లు పోవడం, ముప్పై కిలోమీటర్లు రావడం. అటువైపు ఆఫీసంతా చల్లగా ఉంటుంది, ఇటువైపు ఇల్లు చల్లగా ఉంటుంది. మధ్యలో ఉన్నది ఈ కారొక్కటే.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. ఆర్టీసీ బస్సులు డిపోల గేటు దాటడం లేదు. బొగ్గు గనుల్లో కూడా పని ఆగడంతో కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు, పోయినప్పుడు పోయినట్టు. సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున్నే, సోమవారానికి మూడు రోజులున్నాయనగా, కారులో చల్లగాలి మళ్లీ ఆగిపోయింది. పైగా ఆ రోజు బంద్.

పక్కింటి జోగారావు గోడ మీంచి ఈ సంగతి విని, "కొత్తపేట పండ్ల మార్కెట్టు వెనక సైదులని ఒకడున్నాడండీ. కానీ వాడు గ్యాస్ నింపడు," అన్నాడు.

"గ్యాస్ నింపని ఏసీ మెకానిక్ ఎందుకండీ మనకి?" అన్నాడు ఇంద్రాణి భర్త విశ్వేశ్వరరావు.

"అందుకే చెప్తున్నాను. నింపేవాళ్లని నలుగుర్ని చూశారుగా."

పికెటింగులు మొదలవకముందే వెళ్లి రావాలని భార్యాభర్తలిద్దరూ ఏడింటికే కారు తీశారు. హైమ ఇంట్లో ఉండిపోయింది. విశ్వేశ్వరరావు దారంతా మాట్లాడలేదు. నోరు తెరిస్తే కోస్తా యాస బయటపడుతుంది, ఇవాళ్టి రోజున ఎవరు ఏమంటారోనని ఆయన భయం. ఇరవై ఐదేళ్లుగా ఇక్కడే ఉంటూ, ఇక్కడి బ్యాంకులోనే పనిచేస్తూ, ఇన్నాళ్లూ లేని భయం ఇప్పుడు పట్టుకుంది ఆయనకి.

సైదులు షాపు షట్టరు మూడొంతులు దించి ఉంది. దాని మీద 'జై తెలంగాణ' స్టిక్కరు. ముందర పండ్ల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు సైదులు. యాభై దాటిన మనిషి. కారు ఆగిన చప్పుడుకి తల తిప్పలేదు, ఒళ్లంతా తిప్పి చూశాడు. మెడ తిరగదు. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేడు. పళ్లమీద గోధుమరంగు చారలు. మునుగోడు దిక్కు పల్లెల్లో ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లను ఎవరైనా ఆనవాలు పడతారు.

"బంద్ ఉన్నది సార్," అన్నాడు కూర్చున్నచోటి నుంచే. "ఇయ్యాల పని చెయ్య."

విశ్వేశ్వరరావు వెంటనే స్టీరింగు మీద చెయ్యి వేశాడు. ఇంద్రాణి మాత్రం దిగింది. పద్దెనిమిదేళ్లుగా ఎందరికో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు ఆమెవి. అయినా మళ్లీ చెప్పింది. "మా అమ్మాయికి చెమట పట్టదండీ. సోమవారం ఉద్యోగంలో చేరాలి."

విన్నవాళ్లు మామూలుగా అయ్యో అంటారు. కొందరు, చెమట పట్టకపోతే మంచిదేగా, మాకు పట్టి చస్తున్నాం అని నవ్వుతారు. సైదులు ఆ రెండూ చేయలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"చెమట పట్టకుంటే మరి ఒంట్ల వేడి యాడికి పోతదమ్మా?"

"ఎక్కడికీ పోదు. లోపలే ఉండిపోతుంది."

"గట్లనా. కండెన్సర్ లేని బండి లెక్క."

ఇంద్రాణి నివ్వెరపోయింది. గొప్ప గొప్ప దవాఖానల్లో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకు అర్థం కావడానికి ఏళ్లు పట్టిన సంగతి, పండ్ల పెట్టె మీద కూర్చున్న మనిషి ఒక్క ప్రశ్నలో పట్టుకున్నాడు. అతనికి వేడి అంటే ఏమిటో తెలుసు. వేడికి బయటికి పోయే దారి ఉండాలని తెలుసు.

సైదులు లేచాడు. "పని చేస్తే తప్పు గనీ, ఇనుడు పని కాదు గద. జర ఇని చెప్త, యాడ పోతున్నదో. బాగు చేసుడు రేపు."

ఇలా బంద్‌కూ, బాధకూ మధ్య అతను ఒక సందు వెతుక్కున్నాడు.

ముందుగా బానెట్ ఎత్తి గొట్టాలకి ఒక పొడవాటి సిలిండర్ తగిలించాడు. అది చల్లగాలి గ్యాస్ కాదు, నైట్రోజన్. లోపల గట్టిగా ఒత్తిడి నింపి, వాల్వు కట్టేసి, మీటర్లో ముల్లు ఎక్కడుందో సుద్దముక్కతో గీత గీశాడు. "ఇంట్ల పొయ్యి గ్యాస్ మండుతది, అయిపోతది. ఏసీ గ్యాస్ మండదు సార్, తిరుగుతది. తిరిగేది తగ్గిందంటే బయటికి తొవ్వ దొరికినట్టే. తొవ్వ మూయకుండ నింపుడు, చిల్లు బిందెల నీళ్లు పోసుడే."

తరువాత కొబ్బరి చిప్పలో కుంకుడుకాయ నురగ తెచ్చాడు. సబ్బునీళ్లు అల్యూమినియాన్ని తింటాయట, కుంకుడు నురగ తినదు, పైగా చాలాసేపు నిలుస్తుంది. ఒక కుంచెతో ప్రతి అతుకుకీ, ప్రతి మలుపుకీ ఆ నురగ పూశాడు. గాలి పోతుంటే అక్కడ బుడగ లేవాలి. మెడ వంచలేడు కాబట్టి, పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టే గుండ్రటి చిన్న అద్దం ఇంజన్ సందుల్లోకి దూర్చి, అందులో చూస్తున్నాడు. ఒక్క బుడగా లేవలేదు. ముల్లు గీత మీదే ఉంది.

"జర ఆగుదాం," అన్నాడు సైదులు.

ఆ ఆగిన గంటలోనే అతని కథ ఇంద్రాణికి తెలిసింది. అడిగితే చెప్పాడు, అడగనిదేదీ చెప్పలేదు. ఇరవయ్యో ఏట ఊళ్లో కరువు చూడలేక హైదరాబాదు వచ్చి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు మోసే పనిలో చేరాడు. అక్కడ రామస్వామి అని ముసలి ఫిట్టరు ఉండేవాడు. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా పారుతుంది, అది కారితే ముక్కు మండి పారిపోవలసిందే. అందరూ పారిపోతుంటే రామస్వామి ఎదురు వెళ్లి కారే చోటు పట్టుకునేవాడట. సైదులు వెంటబడితే ఆయన నేర్పిన మొదటి పాఠం, చల్లదనం అనేది లోకంలో ఎక్కడా లేదని. ఉన్నదల్లా వేడే. దాన్ని ఒకచోటి నుంచి ఎత్తి ఇంకోచోట పడేస్తే, మిగిలిన దానికి మనం చల్లదనం అని పేరు పెట్టుకున్నాం. ఐసు తరువాత ఒక సినిమా హాలు ఏసీ ప్లాంటులో పన్నెండేళ్లు, ఆ తరువాత కార్లు. నలభై ఏళ్లకే మెడ బిగుసుకుపోయింది. వంగి చూడలేని మనిషి మెకానిక్‌గా ఎలా బతుకుతాడని అందరూ అన్నారు. సైదులు చూడటం తగ్గించి వినడం పెంచాడు.

"గనీ ఈ రోడ్డు మీద ఏం ఇనబడతదమ్మా," అన్నాడు. "లారీలు, బస్సులు, హారన్లు. నా చెవుల సత్తా సగం గీ ట్రాఫిక్కే తింటది."

ముల్లు ఇంకా గీత మీదే ఉంది. విశ్వేశ్వరరావు చేతులు నలుపుకున్నాడు. "మిగతావాళ్లు కూడా ఇలాగే అన్నారండీ. ఎక్కడా లీకు లేదన్నారు. వారంలో మాత్రం పోతుంది."

సైదులు మొహంలో నిరాశ కనబడలేదు సరికదా, ఇప్పుడే అసలు పని దొరికిందన్నట్టు కళ్లు మెరిశాయి. "అంటే బండి నిలబడ్డప్పుడు పట్టుకుంటున్నది, ఊగినప్పుడు ఇడుస్తున్నది. సార్, మీరు అటు, అమ్మ ఇటు, బంపరు మీద చేతులు పెట్టి కిందికి ఒత్తి ఇడవండి. మెల్లగ."

మూరెడు రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొస కారు ముందు భాగంలో అంగుళం అంగుళం జరుపుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. భార్యాభర్తలు కారును ఊపుతున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి ఊయల ఊపింది హైమ ఒక్కదానికే, మళ్లీ ఇన్నాళ్లకు ఈ కారుకి.

అప్పుడు గమనించింది ఇంద్రాణి, ఎంత నిశ్శబ్దంగా ఉందో. పక్కనే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సిన చోటు. ఈ వేళ బంద్ ఆ రోడ్డునంతా ఊడ్చి పెట్టినట్టు చేసింది. ఎక్కడో కాకి అరిచింది. మార్కెట్టు గోడ మీద జెండా గాలికి కొట్టుకుంటోంది. అంతే. కోటిమంది తిరిగే నగరం ఒక మనిషి వినడానికి ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది ఆమెకు.

"ఆపున్రి," అన్నాడు సైదులు. "ఇంకొక్కపారి ఒత్తున్రి. ఆఁ."

కళ్లు తెరిచి, గొట్టాన్ని ఉన్నచోటే పట్టుకుని, చెవి కొసను ఇంద్రాణికి అందించాడు. "మీరు ఇనున్రి అమ్మా."

ఆమె చెవిలో పెట్టుకుంది. విశ్వేశ్వరరావు బంపరు ఒత్తాడు. ఎసరు మసలబోయే ముందు వచ్చే చప్పుడంత సన్నగా, స్... అని వినిపించి ఆగింది. మళ్లీ ఒత్తితే మళ్లీ స్... అంది. నాలుగు నెలలుగా తమను ఏడిపిస్తున్నది ఇంత చిన్న చప్పుడా అనుకుంది. దానికంటే ఎక్కువగా, కదులుతున్న కారులో, కంటికి కనిపించని చిల్లును, మెడ వంగని మనిషి చెవితో పట్టుకున్నాడన్న సంగతి ఆమెకు కళ్లనీళ్లు తెప్పించింది. గుళ్లో కూడా ఆమెకు అంత భక్తి కలిగిన రోజు లేదు.

శనివారం పొద్దున సైదులు బంపరు విప్పాడు. దాని వెనక, ఇంజన్‌కి ముందు, సన్నని అల్యూమినియం గొట్టాలు వరసగా ఉన్న పలక ఉంటుంది. కారులోంచి ఎత్తిన వేడిని బయట పడేసేది అదే, కండెన్సర్. ఆ పలక కింది మూలకి సన్నని పట్టకారు పోనిచ్చి దేన్నో మెల్లగా లాగాడు.

జానెడు ఇనుప తీగ. ఆ వెనకే ఇంకొకటి, ఇంకొకటి. ఏడెనిమిది తుప్పు పట్టిన తీగ ముక్కలు, ఒకదానికి ఎండి నల్లబడ్డ నిమ్మకాయ తొక్క ఇంకా అంటుకుని ఉంది. మొదటి తీగ కొస సరిగ్గా గొట్టంలోకి గుచ్చుకుని ఉంది. చిల్లు పొడిచిందీ అదే, బండి కదలనంతసేపూ చిల్లును మూసి ఉంచిందీ అదే.

ఇంద్రాణి దగ్గరికి వచ్చి చూసింది. ఆ తీగ ఎవరిదో ఆమెకు తెలుసు. మూడు మెలికలు తిప్పి కొసను లోపలికి మడిచే అలవాటు తనది. ప్రతి శనివారం నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చి, కూతురు ఎక్కే బండికి దిష్టి తగలకూడదని, ముందు జాలీలోంచి తీగ దూర్చి కట్టేది. పాతది విరిగి లోపల పడిపోతే పట్టించుకునేది కాదు. కొస లోపలికి ఎందుకు మడుస్తుందంటే, హైమ చిన్నప్పుడు కారు ముందు ఆడుకుంటూ ఆ తీగ కొసకి చెయ్యి గీరుకుంది. ఇంకెప్పుడూ బిడ్డకి గుచ్చుకోకూడదని ఆ రోజునుంచీ కొసను లోపలికి, అంటే ఆ గొట్టాల వైపుకి, తిప్పి పెడుతోంది. బిడ్డను కాపాడే చల్లదనానికి చిల్లు పెట్టింది తన చేతులే.

సైదులు ఆ తీగను చూశాడు. నిమ్మతొక్కను చూశాడు. ఒళ్లంతా తిప్పి ఇంద్రాణి వంక ఒక్క క్షణం చూశాడు. తరువాత అన్నీ గుప్పిట్లో మూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమిటది? ఏం దొరికింది?" అని అటునుంచి విశ్వేశ్వరరావు అడిగాడు.

"రాయి తగిలి చిల్లు పడ్డది సార్. ఈ రోజుల్ల రోడ్ల మీద రాళ్లకేం తక్కువ?"

విశ్వేశ్వరరావు నవ్వాడు. ఇన్ని రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

కొత్త కండెన్సర్ దొరికే దారి లేదు, సమ్మెతో లారీలు సరుకు తేవడం లేదు. ఉన్నదాన్నే విప్పి, ఆవగింజలో సగం ఉన్న ఆ చిల్లు చుట్టూ గీకి శుభ్రం చేసి, గ్యాసు మంటతో అల్యూమినియం పుల్ల కరిగించి అతికించాడు. క్షణం ఎక్కువైతే గొట్టమే కరిగిపోతుంది, క్షణం తక్కువైతే అతుకు నిలవదు. చాపలేని మోచేతిని పొట్టకు ఆనించుకుని, ఊపిరి ఆపి, ఒక్క చుక్క పెట్టాడు. అది మిలమిలలాడి గట్టిపడింది.

ఆ తరువాత గొట్టాల్లోని గాలినంతా పంపుతో పీల్చేయాలి. పంపుకి కరెంటు కావాలి. కరెంటు మూడింటికి గానీ రాదు. ముగ్గురూ షట్టరు నీడలో కూర్చున్నారు. ఊరుకోలేక ఇంద్రాణే అడిగింది. "మీరూ రోడ్డు మీద కూర్చుంటారా సైదులుగారూ, ఈ ధర్నాల్లో?"

"కూసుంట అమ్మా. మా ఊర్ల నా మనుమరాలికి ఆరేండ్లు. పాలపళ్లు పోయి కొత్త పళ్లొస్తున్నయి. మచ్చలతోటే ఒస్తున్నయి." పెదవులు బిగించి నవ్వాడు, అచ్చం హైమలాగే. "కృష్ణ మా జిల్లాలకెళ్లే పోతది గద. గా నీళ్లు మా ఊరికొస్తే పోరి పళ్లు తెల్లగుంటయి. మీ మీద కోపం లేదమ్మా. నా లెక్క గా ఒక్కటే."

ఇంద్రాణి అంతకుముందు టీవీలో ఎన్నో చర్చలు విన్నది. ఏదీ ఇంత సూటిగా ఆమె లోపలికి దిగలేదు. కృష్ణ నీళ్లు తాగి పెరిగిన తన పళ్ల మీద నాలుక ఆడించుకుంది.

మూడుంబావుకి కరెంటు వచ్చింది, నాలుగింటిదాకా నిలిచింది. గాలంతా పీల్చేశాక వాల్వు మూసి సైదులు మళ్లీ సుద్దతో గీత గీశాడు. "రేపు పొద్దుగాల్ల దాంక ముల్లు జరగొద్దు. జరిగిందంటే నేను ఓడినట్టు."

ఆదివారం పొద్దున ముల్లు గీత మీదే ఉంది. అప్పుడు నింపాడు గ్యాస్. బంపరు బిగించాక, నంబరు ప్లేటు స్క్రూ కింద చిన్న రాగి కొక్కెం ఒకటి బిగించాడు. పాత ఏసీ గొట్టం ముక్కను సాగగొట్టి, అంచులు నున్నగా అరగదీసి చేసిన కొక్కెం.

"ఇదెందుకు?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఏమన్న కట్టుకోనీకె సార్. పండుగలకు దండలు గిట్ల." ఇంద్రాణి వైపు చూడకుండానే అన్నాడు. ఆమె తల వంచుకుంది.

సోమవారం ఎనిమిదిన్నరకి బయలుదేరారు. హైమ వెనక సీట్లో, కొత్త చుడీదారులో, ఒళ్లో ఫైలుతో కూర్చుంది. ఆమె పక్కన ఇంద్రాణి, ఒళ్లో ఐసు ఫ్లాస్కు, తడి తువ్వాళ్లు, థర్మామీటరు. శనివారం ఆమె నిమ్మకాయలు కట్టలేదు. కొత్త కొక్కెం ఖాళీగా ఉంది. ఇంకెప్పుడూ కట్టగలనని ఆమెకు అనిపించడం లేదు.

ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి రోడ్డు మూసుకుపోయింది. వంటా వార్పు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంగాళాల్లో అన్నం, డప్పులు, పాటలు, వందల మంది జనం. వెనక కూడా బళ్లు నిండిపోయి తిప్పుకునే దారి లేదు. తొమ్మిది దాటింది, ఎండ కారు అద్దాల మీద సూటిగా పడుతోంది. నిలబడ్డ బండిలోనే ఏసీ సంగతి బయటపడుతుంది. గాలి చల్లగానే వస్తోంది. ఇంద్రాణి రెండు నిమిషాలకోసారి కూతురి మెడ తాకి చూస్తోంది.

పూల చీర కట్టుకున్న ఒకామె వచ్చి అద్దం తట్టింది. "దవాఖానకా అమ్మా? పేషెంటుంటే తొవ్వ ఇడుస్తం."

ఇంద్రాణి అవునని చెప్పబోయింది. ఆ ఒక్క మాట చాలు, దారి దొరుకుతుంది. ఆమె నోరు తెరిచేలోపు హైమ అద్దం బెత్తెడు దించింది.

"కాదండీ. నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్నాను. ఇవాళే మొదటి రోజు."

పూల చీర ఆమె నవ్వింది. "గట్లయితే జర ఆగాలె బిడ్డా, అందరితోటి."

"ఆగుతాను," అంది హైమ, అద్దం ఎత్తేసి.

ఇంద్రాణి బిత్తరపోయి కూతుర్ని చూసింది. పద్దెనిమిదేళ్లుగా పేషెంటు అన్న మాట పట్టుకునే తాను ప్రతి క్యూలోనూ, ప్రతి గుమ్మం దగ్గరా దారి సంపాదించింది. ఆ మాటను ఈ పిల్ల మండుటెండలో వదిలేసింది. అరగంట గడిచింది. ముప్పావు గంట గడిచింది. థర్మామీటరు పెట్టి చూస్తే తొంభై ఎనిమిదిన్నర. ఇంద్రాణి ఇంకోసారి చూడబోతే, "అమ్మా, నేను బాగానే ఉన్నాను. నీకే చెమటలు పడుతున్నాయి," అంది హైమ.

అప్పుడు జనంలోంచి ఒక మనిషి లేచి, మెడ తిప్పకుండా, ఒళ్లంతా తిప్పి ఇటు చూశాడు. సైదులు. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, ఎవరినీ పలకరించకుండా ముందు బానెట్ మీద చెవి ఆనించాడు. తరువాత కారు ముందుకి వెళ్లి, కొక్కెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఇంద్రాణి దిగి వెళ్లింది.

"శనివారం పోయింది గదమ్మా. ఏం కట్టలేదేంది?"

"ఆ తీగ నాదేనని మీకు తెలుసు కదండీ," అంది. రెండు రోజులుగా లోపల దాచుకున్నది బయటికి వచ్చేసింది. "నా చేతులతో నేనే..."

"తెలుసు," అన్నాడు సైదులు. "కట్టుడు తప్పు కాదమ్మా. కట్టిన జాగ తప్పు. జాగ మార్చిన గద."

వెనక్కి వెళ్లి వంట సామాన్ల కుప్పలోంచి ఒక నిమ్మకాయ, గుప్పెడు పచ్చిమిరపకాయలు తెచ్చాడు. బియ్యం బస్తా మూతి కుట్టిన దారం లాగి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో వాటిని గుచ్చాడు. దారపు కొసలు ఆమె చేతికి ఇచ్చి పక్కకి జరిగాడు. ఇంద్రాణి కట్టింది. వేళ్లు మూడు మెలికలు తిప్పబోయి, దారమే కదా అని మామూలు ముడి వేశాయి.

"ఇటు చూడండి అమ్మా," అన్నాడు సైదులు, కాలితో కారు కిందికి చూపిస్తూ.

కారు కింద నుంచి నీళ్లు పడుతున్నాయి. చుక్క చుక్కగా, ఆగకుండా. గంటసేపు నిలబడ్డ చోట దోసెడు నీళ్లు తారు మీద మడుగు కట్టి పారుతున్నాయి.

"మళ్లీ కారుతోందా?" అంది ఇంద్రాణి హడలిపోయి.

"గది లీకు కాదు. లోపలి గాలి తడంతా చల్లటి గొట్టాలకు తగిలి నీళ్లయితది. ఎంత చల్లగుంటే గన్ని నీళ్లు." సైదులు ఒళ్లంతా వెనక సీటు వైపు తిప్పి హైమను చూశాడు. "బిడ్డకు పట్టని చెమట బండికి పడుతున్నదనుకోండి."

అద్దంలోంచి హైమ అతనికి చెయ్యి ఊపి నవ్వింది. సైదులు కూడా నవ్వాడు. ఇద్దరూ పెదవులు బిగించలేదు.

పావుగంట తరువాత, పదకొండుకి ఇంకా ముప్పావు గంట ఉందనగా, దారి వదిలారు. సైదులు వెళ్లి తన చోట కూర్చున్నాడు. కారు కదిలాక ఇంద్రాణి వెనక్కి తిరిగి చూసింది. డప్పుల మధ్య, పొయ్యిల పక్కన, తాము ఆగిన చోట ఆ తడి ఇంకా ఉంది. అది కనుమరుగయ్యేదాకా చూసి, ఒళ్లోని తడి తువ్వాళ్లు మడిచి సంచిలో పెట్టేసింది.